మోకాలు నొస్తే సైకిల్‌కి తాళం వేయాల్నా?

పోయిన వారం వీడియోలో మా నాయన అలిపిరి రోడ్డులో సైకిల్ తొక్కుతా కనిపించినాడు కదా. "ఈ వయసులో పెద్దాయన చేత సైకిల్ తొక్కిస్తా ఉండారే, మోకాళ్లు ఏం కావాల?" అని చాలామంది అడిగినారు. రెండేళ్ల కింద నేనూ అదే మాట అన్నాను. అది తప్పని నా అనుభవంతో చెబుతున్నాను.

నాయనకు 66 ఏళ్లు. మా చేను చెర్లోపల్లి అవతల. తెల్లారేలోపే ఆకుకూర కట్టలు సైకిల్ వెనక కట్టుకొని అలిపిరి దగ్గరికి తెచ్చి అమ్మేది ఆయన అలవాటు. మోకాలు నొస్తోందని చెప్పగానే నేను సైకిల్‌కి తాళం వేసి, స్కూటర్ కొనిచ్చినాను. నొప్పి పోలేదు. ఆరు నెలలకు తొడ కండ సన్నబడింది. గట్టు ఎక్కాలంటే మనిషి తోడు కావాల్సి వచ్చింది. మెల్లగా చేనికి రావడమే మానుకున్నాడు. ఆకు తిప్పి చూసి పురుగు ఎక్కడ మొదలైందో చెప్పే మనిషి ఇంటి అరుగు మీద కూర్చుంటే, ఆ నష్టం ఏ లెక్కల పుస్తకంలోనూ ఎక్కదు.

చివరికి ఒక ఫిజియోథెరపిస్టు దగ్గరికి తీసుకుపోయినాను. ఆయన అడిగిన మొదటి ప్రశ్న: "రోజూ ఎంతసేపు గొంతుక్కూర్చుంటారు?" ఆకుకూర కోసేదానికి, కలుపు తీసేదానికి కలిపి మూడు గంటలు! రెండోది, "సైకిల్ తీసుకురండి, చూస్తాను" అన్నాడు. సీటు ఎంత కిందికి ఉందంటే, తొక్కేటప్పుడు మోకాళ్లు కడుపు దాకా వస్తా ఉన్నాయి. బరువుతో ఆగినప్పుడు రెండు కాళ్లూ నేలకు ఆనాలని నాయనే దించుకున్నాడు.

నేరం ఒకరిది, శిక్ష ఇంకొకరికి వేసినాను.

అలిపిరి నుంచి కొండకు 3550 మెట్లు. ఆ దారిలో మోకాళ్ల పర్వతం అనే చోటు ఉంది. ఎక్కినవాళ్లకు ఆయాసం తెలుసు, దిగినవాళ్లకు మోకాలు తెలుసు. నడిచేటప్పుడు మోకాలి మీద ఒంటి బరువుకు రెండింతలకు పైగా పడుతుంది. మెట్లు దిగేటప్పుడు ఇంకా ఎక్కువ. చదునుగా ఉన్న రోడ్డులో నిదానంగా సైకిల్ తొక్కితే మటుకు సుమారు ఒంటి బరువంతే. ఎందుకంటే మనిషి బరువు చాలావరకు సీటే మోస్తుంది.

మరి సీటు ఎంత ఎత్తుండాల? పెడల్ పూర్తిగా కిందికి వచ్చినప్పుడు మడమ ఆనించి చూడండి, కాలు నిటారుగా రావాలి. తర్వాత ముందరి పాదంతో తొక్కితే మోకాలు కొంచెం వంగి ఉంటుంది, అది సరైన ఎత్తు. సీటు మరీ తక్కువైతే మోకాలి ముందర, మరీ ఎక్కువైతే వెనక నొప్పి పుట్టొచ్చు. ఒకేసారి ఎత్తొద్దు, వారానికి వేలెడు చాలు. కానీ సీటు ఎత్తినాక వెనక బరువు కట్టొద్దు, పెద్దవాళ్లు పడితే ఎముక విరుగుతుంది. మా కట్టలు ఇప్పుడు నా బండిలో వస్తాయి. గేర్లు లేని సైకిల్ కదా, ఎగువ వచ్చిన చోట నాయన దిగి తోసుకుంటాడు. అందులో నామోషీ ఏమీ లేదు. టైర్లలో గాలి, చైనుకు నూనె కూడా చూసుకోండి. సైకిల్ బిగుసుకుంటే ఆ కష్టం మోకాలే పడాలి.

కలుపుకు, కోతకు పొట్టి పీట చేయించినాను. రోజూ కుర్చీలో కూర్చొని కాలు చాపి అయిదు సెకన్లు నిలబెట్టడం, ఒక్కో కాలికి పదిసార్లు. నొప్పి పూర్తిగా పోలేదు, కానీ నాయన మళ్లీ చేనికి వస్తా ఉన్నాడు.

ఆకు పసుపు పడితే మనం మందు కొట్టం, ముందు వేరు చూస్తాం, తేమ చూస్తాం. మోకాలి విషయానికొస్తే మాత్రం నొప్పి మాత్ర మింగించి సైకిల్‌ని మూలన పెడతాం. ఆ మాత్రలు డాక్టరును అడక్కుండా నెలల తరబడి మింగితే కిడ్నీలకు, కడుపుకు చేటు. ప్రకృతి వ్యవసాయం చేసేవాళ్లం కదా అని వావిలాకు కాపడంతోనే సరిపెట్టుకునేదీ తప్పే. కాపడం హాయిగానే ఉంటుంది, కానీ దాంతో సీటు ఎత్తు పెరగదు! మోకాలు వాచి వేడిగా ఉన్నా, పట్టేసినా, నడుస్తుంటే జారిపోయినట్టున్నా, జ్వరం వచ్చినా ఆలస్యం చేయకుండా ఎముకల డాక్టరుకు చూపించండి.

ఈ సాయంత్రం మీ నాయన సైకిల్ దగ్గర ఒక స్పానర్ పట్టుకొని నిలబడండి. తాళం వేసేది తర్వాత ఆలోచిద్దాం.