పాల్ మెక్‌గ్రాత్: చప్పట్లు కొడితే సరిపోతుందా?

1994 జూన్ 18న అమెరికాలో జరిగిన ప్రపంచ కప్ మ్యాచ్‌లో ఐర్లాండ్ 1-0తో ఇటలీని ఓడించింది. గోల్ కొట్టింది రే హౌటన్. రాబర్టో బాజియో లాంటి ఆటగాడిని అడ్డుకుని ఆ ఆధిక్యాన్ని కాపాడిన డిఫెండర్ పాల్ మెక్‌గ్రాత్. అప్పటికి అతనికి 34 ఏళ్లు. మోకాళ్లు ఎన్నో ఆపరేషన్లతో అరిగిపోయి ఉన్నాయి. ఆ ఆటను ఐరిష్ అభిమానులు ఇప్పటికీ గర్వంగా తలుచుకుంటారు.

ఆ గర్వం పక్కనే అతని బాల్యాన్నీ పెట్టి చూడాలి. 1959లో లండన్‌లో పుట్టాడు. తల్లి ఐరిష్, తండ్రి నైజీరియన్. పెళ్లికాని తల్లి, నల్లజాతి బిడ్డ: ఆనాటి కాథలిక్ ఐర్లాండ్‌లో ఈ రెండూ కుటుంబానికి తలవంపులే. అందుకే ఆమె గర్భాన్ని దాచుకుని లండన్ వెళ్లింది. కొన్ని వారాల పసికందుగా ఉన్నప్పుడే అతన్ని పెంపకానికి ఇచ్చారు. తర్వాత డబ్లిన్ అనాథాశ్రమాల్లో, రంగు పేరుతో తిట్లు పడుతూ పెరిగాడు. తల్లీబిడ్డల్ని విడదీసింది ఆమె నిర్దయ కాదు, సమాజం పరువు అని పిలుచుకునే కట్టుబాటు.

1982లో మాంచెస్టర్ యునైటెడ్‌లో చేరాడు. 1985లో ఎఫ్.ఎ. కప్ గెలిచాడు. గాయాలు, తాగుడు చూసి, డబ్బు తీసుకుని రిటైర్ కమ్మంది క్లబ్. అతను ఒప్పుకోలేదు. 1989లో ఆస్టన్ విల్లాకు వెళ్లాడు. 1993లో తోటి ఆటగాళ్లే ఓట్లేసి అతన్ని ఆ ఏటి ఉత్తమ ఆటగాడిగా ఎన్నుకున్నారు. దేశం తరఫున 83 మ్యాచ్‌లు, రెండు ప్రపంచ కప్‌లు ఆడాడు. తాగుడుతో తన పోరాటాన్ని 2006లో వచ్చిన ఆత్మకథలో దాచకుండా చెప్పుకున్నాడు.

ప్రతిభ ఉంటే ఎవరైనా ఎదగొచ్చు అనడానికి ఈ కథను ఉదాహరణగా చూపిస్తారు. కానీ ఎదగనివాళ్ల సంగతేమిటి? పెళ్లికాని తల్లులను ఉంచిన 18 సంస్థల్లో దాదాపు 9,000 మంది పిల్లలు చనిపోయారని 2021లో ఐర్లాండ్ విచారణ కమిషన్ తేల్చింది. ప్రభుత్వం క్షమాపణ చెప్పింది.

కులాంతర వివాహాన్ని నిషేధించడమే కులానికి మూలమని అంబేడ్కర్ 1916లోనే కొలంబియా విశ్వవిద్యాలయంలో చదివిన పత్రంలో వివరించారు. ఐర్లాండ్‌లో ఉన్నది కులం కాదు. అయినా స్త్రీ ఎవరిని ఎంచుకుందన్నదాన్ని బట్టి బిడ్డ విలువ కట్టే పద్ధతి మనకు కొత్తది కాదు.

మెక్‌గ్రాత్‌కు దక్కిన ప్రేమ నిజమైనదే. అయితే ఆ గౌరవం కోసం అతను 83 మ్యాచ్‌లు ఆడాల్సి వచ్చింది. ఒక్క మ్యాచ్ కూడా ఆడని బిడ్డకు అది పుట్టుకతోనే దక్కాలి.