తిరుపతి రైల్లో కుడివైపు కిటికీ

మా సంగారెడ్డికి రైలు లేదు. తిరుపతి వెళ్లాలంటే సామానంతా ఆటోలో వేసుకుని, పటాన్‌చెరు ట్రాఫిక్ దాటుకుని లింగంపల్లి స్టేషన్‌కి చేరాలి. అయినా ప్రతిసారీ రైలే కావాలని పట్టుబట్టేది నేనే. కారైతే మావారికి స్టీరింగు, నాకు వెనక సీటు వాళ్లకి తిండి అందించే పని. రైలైతే పులిహోర డబ్బా మూత తీసేదాకా నాకు ఏ పనీ ఉండదు.

పోయిన వేసవి సెలవుల్లో రాయలసీమ ఎక్స్‌ప్రెస్ ఎక్కాం. తెల్లారాక కోడూరు వచ్చింది. ఆ ఊరి పేరులోనే రైలుంది, అందరూ ‘రైల్వే కోడూరు’ అనే అంటారు. అది దాటితే శెట్టిగుంట, బాలపల్లె, మామండూరు. అన్నీ మా రైలు ఆగని చిన్న స్టేషన్లు. కుడివైపు కిటికీలో శేషాచలం కొండలు కనబడగానే అత్తమ్మ ‘గోవిందా’ అంది, అందరం దండం పెట్టుకున్నాం. తర్వాత టిఫిన్లు తిన్నాం. కాగితం ప్లేట్లు, చట్నీ ప్యాకెట్లు ఓ ప్లాస్టిక్ కవర్లో చుట్టి, కిటికీ ఊచల సందులోంచి బయటికి తోసేశాను.

“అమ్మా, ఇప్పుడే కదా ఆ కొండకి దండం పెట్టినవ్. మళ్ల అక్కడ్నే చెత్త పడేసినవేంది?” అంది ఏడో తరగతి చదివే మా చిన్నది.

జవాబు లేదు నా దగ్గర. అత్తమ్మ మెల్లగా కిటికీ వైపు తిరిగి కూర్చుంది.

ఇంటికొచ్చాక ఆ కొండల గురించి చదివాను. తిరుమల చుట్టూ ఉన్న ఆ అడవి 1989 నుంచి శ్రీ వేంకటేశ్వర జాతీయ పార్కు. సుమారు 350 చదరపు కిలోమీటర్లు. ఈ చుట్టుపక్కల కొండల్లో తప్ప సహజంగా పెరగని ఎర్రచందనం, రాత్రిళ్లు తిరిగే దేవాంగపిల్లి, బంగారు బల్లి, తలకోన జలపాతం అన్నీ ఇక్కడివే. 2010లో శేషాచలాన్ని జీవావరణ రిజర్వుగా కూడా ప్రకటించారు. ఇన్నేళ్లుగా నేను ఆ పార్కు ముందు నుంచే వెళ్తున్నాను. నాకు తెలిసింది మాత్రం దర్శనం క్యూ, లడ్డూ కౌంటరు.

2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో చిరుత ఆరేళ్ల పాపను చంపినప్పుడు మనందరికీ ఒక్కసారిగా గుర్తొచ్చింది అది అడవి అని. పిల్లలున్నవాళ్లం వణికిపోయాం, కోపమూ తెచ్చుకున్నాం. కానీ అడవి మనకి భయం వేసినప్పుడే గుర్తు రావాలా? తిండి పారేసిన చోటికి కుక్కలు, పందులు చేరతాయి. వాటి కోసం చిరుతలొస్తాయి. అలిపిరి దగ్గర సంచులు వెతుకుతారు, కొండ మీద ప్లాస్టిక్ కూడదంటారు, మనం బుద్ధిగా ఒప్పుకుంటాం. అదే కొండ పాదం పక్కన, రైలు కిటికీ దగ్గర మనల్ని వెతికేవాళ్లు ఉండరు.

“అందరూ వేస్తుంటే నేనొక్కదాన్ని మానితే ఏమవుతుంది? పెట్టెలో చెత్తడబ్బా నిండిపోతే ఏం చేయాలి?” అంటారేమో. నేనూ అదే అనుకున్నాను. కానీ మనం పటాన్‌చెరు వైపు వాళ్లం. నక్కవాగు ఎట్లా పాడైందో కళ్లారా చూసినవాళ్లం. ఆ కాలుష్యం మీద 1990లోనే కేసు సుప్రీంకోర్టు దాకా పోయింది. అదీ ఒక్క రోజులో పాడవలేదు. ‘మా ఒక్కరి నీళ్లతో ఏమవుతుంది’ అని ఎంతమంది అనుకుని ఉంటారో! ఫ్యాక్టరీలను నోరారా తిట్టే నేను, ఆ రోజు నా వంతు కవరు నేనూ వేశాను. సైజులోనే తేడా.

అందుకే ఇప్పుడు ప్రయాణం సంచిలో స్టీలు ప్లేట్లు, ఓ ఖాళీ గుడ్డసంచి పెడుతున్నాను. చెత్త అందులోనే తిరుపతి స్టేషన్ దాకా వస్తుంది. ప్లేట్లు కడగడం మళ్లీ నా పనే అయిందని మొదట్లో విసుక్కున్నాను. ఇప్పుడు ఎవరి ప్లేటు వాళ్లే కడుక్కోవాలని పెట్టాను. మావారితో సహా.

వచ్చే నెలకి టికెట్లు తీశాం. దర్శనమయ్యాక తలకోనకి ఒక రోజు ఉంచాం. కుడివైపు కిటికీ సీటు మాత్రం మా చిన్నదానిదే. అత్తమ్మే ఇచ్చేసింది.