మార్కాపురం కలెక్టరేటుకు డిజైన్ పోటీ పెట్టాల్సిందే

మార్కాపురం కేంద్రంగా జిల్లా కావాలన్న పశ్చిమ ప్రకాశం ప్రజల చిరకాల కోరిక తీరింది. ఇక శాశ్వత కార్యాలయ భవనాలు రావాలి. అవి ఎలా ఉండాలో తేల్చేదెవరు? పాత నమూనా ప్లాను బయటికి తీసి, అంచనాలు వేసి, తక్కువకు పాడిన కాంట్రాక్టరుకు పని అప్పగించడం మనకు అలవాటైన పద్ధతి. ఈసారి అది వద్దు. కలెక్టరేటుకు ప్రభుత్వం బహిరంగ డిజైన్ పోటీ పెట్టాలి.

నల్లమల అంచున ఉన్న అర్ధవీడు లాంటి మండలాల నుంచి చూస్తే ఈ సంగతి ఎంత ముఖ్యమో తెలుస్తుంది. కోస్తా గ్రామానికి గీసిన ప్లానుతోనే ఇక్కడా సచివాలయం కడతారు. పడమటి గోడకు పెద్ద కిటికీ, దానికి నీడనివ్వని మూరెడు సన్‌షేడు, నలుగురు నిలబడితే నిండిపోయే వరండా. మే నెలలో పాస్‌బుక్ పని మీద వచ్చిన రైతు, గూడెం నుంచి సర్టిఫికెట్ కోసం నడిచొచ్చిన చెంచు తల్లి ఆ ఎండలోనే తమ వంతు కోసం కాచుకోవాలి. మార్కాపురం పలక దేశాలు దాటి వెళ్లి అక్కడి ఇళ్ల గోడలకు, నేలకు అమరుతోంది. మన ప్రభుత్వ కార్యాలయానికి మాత్రం ఎక్కడి నుంచో తెచ్చిన టైల్సు! ఈ రాయి, ఈ ఎండ, ఈ నీటి ఎద్దడి తెలిసిన ఆర్కిటెక్టు ఎవరో వెతికి పట్టుకునే మార్గం పోటీయే.

పోటీ అంటే అమరావతి గుర్తుకొచ్చి పెదవి విరిచేవారున్నారు. అక్కడ జరిగిందేమిటి? రాజధాని ప్రభుత్వ భవనాల కోసం మూడు ప్రసిద్ధ సంస్థలనే పిలిచారు. క్రిస్టఫర్ బెనింజర్ అధ్యక్షతన ఉన్న న్యాయనిర్ణేతల బృందం 2016లో జపాన్‌కు చెందిన ఫుమిహికో మాకి సంస్థను ఎంపిక చేసింది. ఆ డిజైన్‌పై విమర్శలు రాగానే ప్రభుత్వం దాన్ని పక్కనపెట్టి, నార్మన్ ఫోస్టర్ సంస్థకు పని ఇచ్చింది. పారదర్శకత లేదని మాకి బహిరంగంగానే నిరసన తెలిపారు. అక్కడ ఓడింది పోటీ పద్ధతి కాదు, ఇచ్చిన మాట. తలుపులు కొందరికే తెరిచి, వచ్చిన తీర్పును కూడా మన్నించకపోతే మళ్లీ మన గడప తొక్కేదెవరు?

తీర్పును మన్నించిన చోట పోటీ ఫలించింది. ఢిల్లీలో జాతీయ యుద్ధ స్మారకానికి పోటీ పెడితే గెలిచింది చెన్నైకి చెందిన వీబీ డిజైన్ ల్యాబ్. ఆ డిజైన్‌నే కట్టి, 2019 ఫిబ్రవరి 25న ప్రారంభించారు. ఫిన్లాండ్ రాజధాని హెల్సింకీలోని ఓడి గ్రంథాలయానికి 544 డిజైన్లు వచ్చాయి. గీసిందెవరో న్యాయనిర్ణేతలకు తెలియకుండానే ఎంపిక జరిగింది. పేరు దాస్తే పలుకుబడి పనిచేయదు, పనితనం ఒక్కటే మాట్లాడుతుంది.

మార్కాపురంలోనూ అదే జరగాలి. టర్నోవరు ఇంత ఉండాలి, ఇలాంటి భవనాలు ఇన్ని కట్టి ఉండాలి అన్న షరతులు ఎత్తేస్తేనే విజయవాడలోనో కర్నూలులోనో చిన్న గదిలో పనిచేసుకునే యువ ఆర్కిటెక్టు ముందుకొస్తాడు. న్యాయనిర్ణేతల్లో ఆర్కిటెక్టులదే మెజారిటీ కావాలి. తుది దశకు చేరినవారి శ్రమకు పారితోషికం ఇవ్వాలి. డిజైన్లన్నీ మార్కాపురంలోనే ప్రదర్శనకు పెట్టాలి, తీర్పుకు కారణాలు తెలుగులో ప్రకటించాలి. అన్నిటికన్నా ముఖ్యం, గెలిచినవారికే పని దక్కాలి. తరువాత వచ్చే ప్రభుత్వమైనా దాన్ని మార్చకూడదు.

ఖర్చు పెరుగుతుందనే వాదన నిలవదు. భవనం ఖర్చులో డిజైన్ వాటా కొద్దిపాటిదే. తప్పుగా కట్టిన గోడకు కరెంటు బిల్లు మాత్రం ఏటేటా కడుతూనే ఉండాలి. కాలయాపన అంటారా, కొన్ని నెలలు ఆగడానికి జనం సిద్ధంగానే ఉన్నారు. జిల్లా కోసం ఏళ్ల తరబడి ఆగినవారే కదా!

టెండరు పిలవకముందే పోటీ ప్రకటన వెలువడాలి. కలెక్టరేటుతో మొదలుపెట్టి, అర్ధవీడు సహా మండల కార్యాలయాలకూ ఇదే పద్ధతి వర్తింపజేస్తూ ప్రభుత్వం ఉత్తర్వు ఇవ్వాలి. ఆ ఉత్తర్వు తెచ్చే బాధ్యత ఈ ప్రాంత శాసనసభ్యులది.