మోటారు ఎంపికలోనే ఆక్వా రైతు లాభనష్టాలు
వేగం తగ్గితే విద్యుత్ ఆదా.. అన్ని చెరువులకూ ఒకే లెక్క కుదరదు

అవనిగడ్డ: రొయ్యల చెరువులో పంట చేజారడానికి ఒక్క రాత్రి చాలు. తెల్లవారుజామున నీటిలో ప్రాణవాయువు కనిష్ఠానికి పడిపోతుంది. ఆ సమయంలో ఏరియేటర్లు ఆగితే నెలల శ్రమ నీటిపాలే. నాగాయలంక, కోడూరు, మచిలీపట్నం తీర గ్రామాల రొయ్యల రైతులకు, గుడివాడ ప్రాంతంలోని నందివాడ చేపల రైతులకు మోటారే ఆయువుపట్టు. విద్యుత్ బిల్లూ దానితోనే ముడిపడి ఉంది.

ఆక్వా రైతులకు యూనిట్ విద్యుత్ రూ.1.50కే ఇవ్వాలని 2019లో రాష్ట్ర ప్రభుత్వం నిర్ణయించింది. తర్వాతి కాలంలో జోన్లు, విస్తీర్ణం ఆధారంగా ఈ రాయితీకి పరిమితులు వచ్చాయి. 2025 ఆగస్టులో అమెరికా భారత ఉత్పత్తులపై సుంకాన్ని 50 శాతానికి పెంచడంతో రొయ్యల ధరలూ ఒడుదొడుకులకు లోనయ్యాయి. ఈ పరిస్థితుల్లో వేగాన్ని మార్చుకోగల మోటార్లు, వీఎఫ్‌డీగా పిలిచే వేగ నియంత్రణ పరికరాలు రైతుల దృష్టిని ఆకర్షిస్తున్నాయి.

సగం వేగం.. ఎనిమిదో వంతు శక్తి

నగరాల్లోని ఈత కొలనుల్లో ఇటువంటి పంపులు మంచి ఫలితమిస్తాయి. పంపు వేగాన్ని సగానికి తగ్గిస్తే నీటి ప్రవాహం సగమవుతుంది. వినియోగించే శక్తి మాత్రం సుమారు ఎనిమిదో వంతుకు పడిపోతుంది. రెట్టింపు సమయం నడిపినా అదే నీటికి నాలుగో వంతు విద్యుత్ సరిపోతుంది. అయితే కొలనులో నీరు అక్కడే తిరుగుతుంది, ఎత్తుకు ఎక్కనవసరం లేదు.

కాలువ నుంచి చెరువుకు నీరు తోడే పంపు సంగతి వేరు. వేగం సగమైతే పంపు నీటిని నెట్టగల ఎత్తు నాలుగో వంతుకు తగ్గుతుంది. గరిష్ఠంగా 8 మీటర్లకు నెట్టగల పంపు 2 మీటర్లకే పరిమితమవుతుంది. గట్టు అంతకన్నా ఎత్తుగా ఉంటే మోటారు తిరుగుతున్నా నీరు రాదు. కాబట్టి ఇక్కడ వేగ నియంత్రణ కంటే ఎత్తుకు తగిన పంపును ఎంచుకోవడమే ప్రధానం. తక్కువ ఎత్తుకు ఎక్కువ నీరు కావలసిన డెల్టా చెరువులకు ఎత్తైన చోట్లకు ఉద్దేశించిన పంపులు బిగిస్తే విద్యుత్ వృథా అవుతుంది.

ఏరియేటర్ల లెక్క

2 హార్స్‌పవర్ ఏరియేటరు ఒకటి సుమారు ఒకటిన్నర కిలోవాట్ల సామర్థ్యం గలది. పది ఏరియేటర్లు రాత్రికి పది గంటలు తిరిగితే 150 యూనిట్లు, 120 రోజుల పంటకు 18 వేల యూనిట్లు అవుతాయి. పిల్ల దశలో అన్నీ తిప్పనవసరం లేదు. వేగం తగ్గిస్తే ప్రాణవాయువు కూడా తగ్గుతుంది గనుక, కొన్నింటిని ఆపి కొన్నింటిని నడపడం చాలామందికి తేలికైన మార్గం. పంట ముదిరాక, మబ్బు పట్టిన రోజుల్లో పొదుపు పేరుతో ఆపడం ప్రమాదకరం.

యంత్రానికి అప్పగించినా..

టైమర్లు, సెల్‌ఫోన్‌తో నడిచే స్టార్టర్లు, ప్రాణవాయువును కొలిచే సెన్సర్లు రైతుకు శ్రమను తగ్గిస్తాయి. అయితే సెన్సరుపై పాచి పేరుకుంటే లెక్క తప్పుతుంది. తరచూ శుభ్రపరచాలి. దివిసీమ ఉప్పుగాలికి పరికరాలు త్వరగా తుప్పు పడతాయి గనుక గాలి, తేమ చొరబడని పెట్టె తప్పనిసరి. ఫేజు పోతే మోటారును ఆపే రక్షణ పరికరమూ ఉండాలి.

విద్యుత్ పోయి తిరిగి రాగానే ఆటో స్టార్టర్లన్నీ ఒకేసారి మోటార్లను నడిపితే ట్రాన్స్‌ఫార్మరుపై భారం పడుతుంది. ఒక్కో మోటారు కొన్ని సెకన్ల వ్యవధితో మొదలయ్యేలా అమర్చుకోవడం మేలు. ఫ్యూజు పోతే నష్టపోయేది ఒక్క రైతు కాదు, ఆ ట్రాన్స్‌ఫార్మరు కింద ఉన్న వారందరూ.

ముందుగా గట్టు ఎత్తు కొలవడం, ఆపై పంపును ఎంచుకోవడం, చివరగా ఆటోమేటిక్ పరికరాలు కొనడం సరైన క్రమం. ఎన్ని అమర్చినా డీజిల్ జనరేటరు సిద్ధంగా ఉండాలి. తెల్లవారుజామున గట్టుపై మనిషీ ఉండాలి.