వానకన్నా వెలుతురే ఖరీదు

‘ర్యాన్స్ డాటర్’ సినిమా కోసం 1969లో దర్శకుడు డేవిడ్ లీన్ ఐర్లండ్ పడమటి తీరాన, డింగిల్ ద్వీపకల్పంలో రాతి ఇళ్లతో ఏకంగా ఊరే కట్టించాడు. కథకు తగ్గ తుపాను దొరికేదాకా నెలల తరబడి ఎదురుచూశాడు. ఓడల కిటికీలకు వాడే, గిరగిరా తిరిగే అద్దాన్ని లెన్స్ ముందు బిగించి ఆ అలలను తీశారు. ఎండ కావలసిన కొన్ని బీచ్ సన్నివేశాలకు మాత్రం అక్కడి ఆకాశాన్ని నమ్మలేక దక్షిణాఫ్రికా వెళ్లారు. ఫ్రెడ్డీ యంగ్ ఛాయాగ్రహణానికి ఆస్కార్ వచ్చింది. అందులో నిర్మాణ సంస్థ ఎంజీఎం ఖజానా వాటా తక్కువేమీ కాదు.

ఐర్లండ్‌లో వాన వార్త కాదు. ఏడాదిలో తడి రోజులు తూర్పు తీరాన 150, పడమట కొన్నిచోట్ల 225 దాకా ఉంటాయి. చిత్రమేమిటంటే, వెనక నుంచి లైటు పడకపోతే సన్నటి జల్లు కెమెరాకు ఆనదు. వాన సన్నివేశానికి అక్కడా రెయిన్ మెషీన్లు తెప్పించుకోవలసిందే. అసలు తలనొప్పి వెలుతురుతో. అట్లాంటిక్ మీంచి అల్పపీడనాలు ఒకదాని వెంట ఒకటి వస్తుంటాయి. మాస్టర్ షాట్ ఎండలో తీస్తే, క్లోజప్‌కు వచ్చేసరికి మబ్బు కమ్ముతుంది. రెండూ అతికితే ఒకే సంభాషణ రెండు వేర్వేరు రోజుల్లో జరిగినట్టుంటుంది. డీఐలో, అంటే తర్వాత డిజిటల్‌గా రంగులు దిద్దే దశలో, రంగు సరిచేయవచ్చు, లేని నీడను పుట్టించడం అంత తేలిక కాదు. డిసెంబరులో డబ్లిన్‌కు దక్కే పగలు కూడా ఏడున్నర గంటలే.

డబ్బుంటే దీనికి మందుంది. ‘గేమ్ ఆఫ్ థ్రోన్స్’ సీరియల్ బెల్‌ఫాస్ట్‌లో ఓడలకు రంగులేసిన పాత షెడ్డులోకి చేరింది. సముద్రం పొంగితే పడవ ఆగలేని స్కెల్లిగ్ మైకేల్ దీవి గుడిసెలను ‘ద లాస్ట్ జెడై’ సినిమా బృందం ప్రధాన భూభాగంలోనే మళ్లీ కట్టుకుంది. నాలుగైదు వారాల షెడ్యూలుతో దిగే చిన్న ఐరిష్ సినిమాకు ఆ దారి లేదు. వానొస్తే సీను వంటగదిలోకి మారుతుంది, లేదా పోతుంది. ఆ సినిమాల్లో అన్ని వంటగదులుండటం పూర్తిగా దర్శకుల అభిరుచేనంటే నేను నమ్మను.

ఐర్లండ్‌లో సినిమాలకిచ్చే సెక్షన్ 481 పన్ను రాయితీ అర్హమైన ఖర్చులో మామూలుగా 32 శాతం తిరిగి ఇస్తుంది. మంచి పథకమే. కానీ ఖర్చుపెట్టగలిగినవాడికే రాయితీ. షూటింగ్ ఆపి ఎదురుచూసే స్తోమత లేనివాడికి ఆ ఎదురుచూపులో తిరిగొచ్చేదేమీ లేదు. ఇబ్బందుల్లోంచే శైలి పుడుతుందనే వాదన వినడానికి బాగుంటుంది. ఆ ఇబ్బంది చిన్నవాళ్లకే ఎందుకు మిగలాలి?

తక్కువ బడ్జెట్ చిత్రాలకు రెండు మూడు వాన రోజుల ఖర్చును ప్రభుత్వ సినిమా సంస్థ స్క్రీన్ ఐర్లండ్ విడిగా కేటాయించాలి, వాడకపోతే వెనక్కి తీసుకోవాలి. వానకు, గాలికి వాతావరణ సంస్థ మెట్ ఏరన్ లెక్కలు సరిపోతాయి. మారే వెలుతురుకు ఆ లెక్కలు చాలవు కాబట్టి ఛాయాగ్రాహకుడి మాటే ప్రమాణం కావాలి, కొంత దుర్వినియోగం జరిగినా సరే.