పెదవి ముందా, మాట ముందా?

టీవీలో యాంకర్ పెదవులు ముందు కదిలి, మాట తర్వాత వినిపిస్తే మనకి నవ్వొస్తుంది. కంట్రోల్ రూమ్‌లో వాళ్లకి మాత్రం చెమటలే! పాత ఎస్‌డీఐ కేబుల్‌లో బొమ్మా, మాటా ఒకే తీగలో జంటగా వెళ్లేవి. కాకపోతే తీగలే తీగలు, అన్నీ ఒకవైపు దారులే.

2017లో ఎస్‌ఎంపీటీఈ 2110 ప్రమాణం వచ్చాక స్టూడియోలూ నెట్‌వర్క్ బాట పట్టాయి. ఒక్క హెచ్‌డీ కెమెరాకే సెకనుకి దాదాపు 1.5 గిగాబిట్లు కావాలి (మన ఇంటి వైఫై ఊసెత్తకండి!). ఇందులో బొమ్మ వేరు, ఆడియో వేరు. కామెంటరీ భాష మార్చాలంటే ఆడియో ఒక్కటి మారిస్తే సరి. మరి రెండూ మళ్లీ కలిసేదెలా? పరికరాలన్నీ పీటీపీ అనే ఒకే గడియారాన్ని చూసుకుంటాయి. తేడా సెకనులో పదిలక్షో వంతు దాటకూడదు. అది గాడి తప్పిందా, మళ్లీ మొదటికే. అప్పుడు వెతకాల్సింది ఊడిన తీగని కాదు, స్విచ్ సెట్టింగులని. అందుకే నెట్‌వర్కింగ్ నేర్చినవాళ్లకి ఇప్పుడు స్టూడియోల్లోనూ పనుంది.