మీ నాయిన ఏం చేస్తడు?

కొలువుల మేళా వారం ఉందనగానే కొత్తవాడ జిరాక్సు షాపుల ముందు మన పిల్లలు నిలబడతారు. బయోడేటా టైపు చేయిస్తారు, ఫొటోలు దిగుతారు. దోస్తును అడిగి తెల్లంగీ తెచ్చుకుంటారు, సైజు కాకున్నా బూట్లు తొడుక్కుంటారు. యూనివర్సిటీకి పోయే బస్సులో "నా గురించి నాలుగు మాటలు" ఇంగ్లీషులో బట్టీ పడతారు. ఇంట్లో మొదటిసారి డిగ్రీ చదివిన బిడ్డలు వీళ్లు. చూస్తే మాకు కడుపు నిండుతుంది. కాని ఒక్క ప్రశ్నకు మాత్రం వీళ్లను ఎవరూ తయారు చేయడం లేదు. అది "మీ నాయిన ఏం చేస్తడు?" అనే ప్రశ్న.

మా వాడ బిడ్డ ఒకామె మొన్నటి మేళాలో ఒక కంపెనీ టేబుల్ ముందు కూర్చున్నది. లెక్కలు అడిగితే చెప్పింది. కంప్యూటర్ అడిగితే చెప్పింది. తర్వాత ఇంటిపేరు అడిగారు, ఏ వాడ అని అడిగారు, నాయిన పని అడిగారు. ఆమె తండ్రి మోరీలు తీస్తాడు, తల్లి రోడ్లు ఊడుస్తుంది. "బిజినెస్" అన్నది బిడ్డ. "ఏం బిజినెస్?" అన్నారు. నోట మాట రాలేదు. ఇంటికొచ్చి ఏడ్చింది. కొలువు రానందుకు కాదు, నాయిన పని దాచినందుకు.

కొత్తవాడలో మగ్గం నేసే ఇంటి పిల్లలనూ ఇదే అడుగుతారు. వాళ్ల బతుకూ పూలపాన్పు కాదు. వరంగల్ జంపఖానాకు 2018లో జీఐ గుర్తింపు వచ్చింది గాని, నేసినోని కొడుకు కూడా అదే లైన్లో నిలబడ్డాడు. అయితే "మగ్గం" అంటే జాలి పడతారు. "మోరీ" అంటే కుర్చీ వెనక్కి జరుపుతారు. ఈ తేడా తెలియనోళ్లే మనకు "ప్రతిభ" గురించి పాఠాలు చెప్తారు.

కంపెనీకి కులంతో ఏం పని, పనొస్తే చాలు గదా అనే పెద్దమనుషులు మనలోనూ ఉన్నారు. వాళ్లు ఒక సంగతి వినాలి. సుఖదేవ్ థోరాట్, పాల్ అట్వెల్ అనే ఇద్దరు పరిశోధకులు పత్రికల్లో వచ్చిన ఉద్యోగ ప్రకటనలకు ఒకే చదువున్న దరఖాస్తులు పంపారు. మార్చింది పేర్లే. 2007లో ఫలితం అచ్చయింది. పై కులం పేరుతో పోలిస్తే దళిత పేరుకు పిలుపు వచ్చే అవకాశం మూడింట రెండు వంతులే. ముస్లిం పేరుకైతే మూడో వంతే. మనిషిని చూడలేదు, మాట వినలేదు. కాయితం మీది పేరు చూసే పక్కన పడేశారు. అదే ఏడు సురీందర్ జోధ్కా, కేథరిన్ న్యూమన్ ఢిల్లీ వైపు పెద్ద కంపెనీల మేనేజర్లతో మాట్లాడితే, ప్రతిభే ముఖ్యమని చెప్పినోళ్లే "కుటుంబ నేపథ్యం" కూడా చూస్తామన్నారు.

బాబాసాహెబ్‌కు అమెరికా చదువు ఉండె. 1917లో బరోడా కొలువుకు పోతే ఉండటానికి గది దొరకలేదు. పారసీల సత్రంలో ఉంటే కర్రలు పట్టుకొని వచ్చి వెళ్లగొట్టారు. ఆనాడు కర్రలు, ఈనాడు ఎయిర్ కండిషన్ గదిలో చిరునవ్వు.

సర్కారు కొలువుకు రాజ్యాంగం 16(4) ఉన్నది. కంపెనీ టేబుల్ దాకా అది రాదు. 2004లో కేంద్రంలో వచ్చిన సర్కారు ప్రైవేటులో రిజర్వేషన్ల మీద చర్చిస్తామని తన ఉమ్మడి కార్యక్రమంలో రాసుకున్నది. చట్టం వద్దు, మేమే స్వచ్ఛందంగా చేస్తామని పెట్టుబడిదారుల సంఘాలు అన్నాయి. ఆ స్వచ్ఛందం ఇంకా కొత్తవాడకు బస్సు ఎక్కలేదు.

అందుకే యూనివర్సిటీని మనం అడగాలి. మేళా జరిగేది ప్రజల జాగాలో, ప్రజల కరెంటుతో. అక్కడ కూర్చునే కంపెనీ తండ్రి పని, ఇంటిపేరు అడగొద్దని ముందే రాయించుకోవాలి. ఏ వర్గం నుంచి ఎంతమంది పోయారు, ఎంతమందిని తీసుకున్నారు, లెక్క గోడకు అంటించాలి. ఇదేం గొంతెమ్మ కోరిక కాదు. ర్యాంకు అడిగితే కులం ఆరా తీసినట్టే అవుతుందని, తోటి విద్యార్థిని ర్యాంకు అడగడం తప్పని బొంబాయి ఐఐటీయే 2023లో రాసింది. ఇంకో సంగతి. ఫీజు రీయింబర్స్‌మెంటు రాలేదని సర్టిఫికెట్లు ఆపే కాలేజీలున్నాయి. సర్కారు బాకీకి పిల్లలు జామీనా? మేళాకు నెల ముందే అట్లాంటి పిల్లల పేర్లు రాసుకొని సంఘం తరఫున కాలేజీకి పోదాం.

మరి నాయిన పని అడిగితే ఏం చెప్పాలి? దీని మీద మా కార్యకర్తల్లోనే రెండు మాటలున్నాయి. కొలువు దొరికేదాకా దాచుకుంటే తప్పేందని కొందరు. ఆకలి ఉన్నోడు దాచుకుంటే మేము నిందించం. కాని దాచడం నేర్పే పని మాత్రం మా పత్రిక చేయదు. "మా నాయిన మున్సిపాలిటీల సఫాయి కార్మికుడు. ఆయన కష్టంతోనే చదివిన. నాకొచ్చిన పని ఇది" అని తలెత్తి చెప్పడం అలవాటు కావాలి. అది ఒక్కరోజులో రాదు, పదిసార్లు అనాలి.

రిజర్వేషన్‌తో బ్యాంకులో, రైల్వేలో, బడిలో కొలువు చేస్తున్న అన్నలూ, అక్కలూ! కాలనీల్లో ఇళ్లు కట్టుకున్నారు, సంతోషం. ఆదివారం సాయంత్రం రెండు గంటలు వాడకు రండి. టేబుల్ అవతల కూర్చొని మన పిల్లలను అడగండి, కష్టమైన ప్రశ్నలే అడగండి.

పిల్లలకు మా మాట: ఒరిజినల్ సర్టిఫికెట్లు ఎవరి చేతిలో పెట్టొద్దు, చూపించి తెచ్చుకోండి. డిపాజిట్ అంటే లేచి రండి. చేతికొచ్చే జీతమెంత, పీఎఫ్ ఉన్నదా, హైదరాబాద్‌లో హాస్టల్ ఖర్చు పోను మిగిలేదెంత, అడిగి రాయించుకోండి. తెల్లంగీలు నాలుగు, బూట్లు మూడు జతలు మా ఆఫీసులో పెట్టినం. వచ్చి సైజు చూసుకోండి.